ముసలాయన దారి తప్పాడన్నారు

2006 సెప్టెంబరు 18, సోమవారం. అర్జెంటీనాలో బ్యూనస్ ఐరిస్ రాష్ట్ర రాజధాని లా ప్లాటాలో ఒక మాజీ పోలీసు ఉన్నతాధికారి మీద నడుస్తున్న కేసు చివరికొచ్చింది. ఆ రోజు బాధితుల తరఫు న్యాయవాదులు తుది వాదనలు వినిపించాలి. ఆ కేసులో ఫిర్యాదీ, ముఖ్య సాక్షి కూడా అయిన హోర్హే హులియో లోపెస్ కోర్టుకు రావాలి. రాలేదు. పొద్దున ఇంట్లోవాళ్లు చూసేసరికి ఆయన ఇంట్లో లేరు. అప్పటికి ఆయన వయసు 76 ఏళ్లు. ఆ తర్వాత ఆయన్ని కుటుంబం మళ్లీ చూడలేదు. శవం దొరకలేదు. ఆ అదృశ్యానికి బాధ్యులని ఒక్కరికీ శిక్ష పడలేదు.

ఎక్కడో దక్షిణ అమెరికాలో తప్పిపోయిన ఒక పెద్దాయన గురించి ఇక్కడ ఎందుకు రాస్తున్నామని అడగొచ్చు. మా పరిశోధన కోసం కారంచేడు, చుండూరు కేసుల తీర్పులూ నివేదికలూ చదువుతున్నప్పుడు మాకు పదేపదే ఎదురైన ప్రశ్న ఒకటుంది. దాడి జరిగిన రోజు గురించి మనం చాలా రాశాం, చాలా మాట్లాడుకున్నాం. దాడి జరిగాక పదేళ్లు, ఇరవై ఏళ్లు కోర్టు పిలుపు కోసం ఎదురుచూసిన సాక్షి గురించి ఎంత రాశాం? లోపెస్ కేసును ఆ ప్రశ్నతోనే చదివాం.

లోపెస్ తాపీ మేస్త్రి. 1929లో పుట్టారు. లా ప్లాటా శివార్లలో లోస్ ఓర్నోస్ అనే కార్మికుల పేటలో ఇల్లు కట్టుకుని ఉండేవారు. పేటలో పెరోనిస్టు పార్టీ స్థానిక శాఖకు వెళ్లి వస్తుండేవారు. పేరున్న నాయకుడేమీ కాదు. 1976 మార్చి 24న సైన్యం అధికారం లాక్కుంది. అదే ఏడాది అక్టోబరు 27న లోపెస్‌ను ఇంటి నుంచి ఎత్తుకుపోయారు. రహస్య నిర్బంధ కేంద్రాల్లో తిప్పారు, కరెంటు షాకులు పెట్టారు, చివరికి జైల్లో ఉంచి 1979 జూన్‌లో వదిలేశారు. ఆ రాష్ట్రంలో ఇలాంటి ఇరవైకి పైగా రహస్య కేంద్రాలను నడిపింది రాష్ట్ర పోలీసు దర్యాప్తు విభాగం. దానికి అధిపతి మిగెల్ ఎచెకొలాట్స్.

నియంతృత్వం 1983 డిసెంబరులో ముగిసింది. మాయమైన వాళ్ల గురించి విచారించిన జాతీయ కమిషన్ 1984లో దాదాపు 9 వేల పేర్లు నమోదు చేసింది. హక్కుల సంఘాలు చెప్పే సంఖ్య 30 వేలు. ఈ తేడాకు కారణం తేలికగానే అర్థమవుతుంది. కమిషన్ లెక్కకు రావాలంటే ఎవరో ఒకరు వచ్చి చెప్పాలి. చెప్పాల్సిన మనిషి బతికుండాలి, భయం తగ్గి ఉండాలి, చెబితే వింటారన్న నమ్మకం ఉండాలి.

లోపెస్ నిర్బంధంలో ఒంటరిగా లేరు. అరానా అనే చోట ఆయనతో పాటు అదే పేట ఉద్యమంలో తిరిగిన యువ దంపతులు పాట్రీసియా డెల్ ఓర్తో, అంబ్రోసియో దె మార్కో కూడా ఉన్నారు. వాళ్లను కాల్చి చంపడం లోపెస్ చూశారు. తనను చంపొద్దని, పసిబిడ్డను పెంచుకోవాలని పాట్రీసియా ప్రాధేయపడిందని ఆయన తర్వాత కోర్టులో చెప్పారు. అంతకుముందు ఆమె లోపెస్‌ను ఒక మాట అడిగింది. బయటపడితే మా వాళ్లకు చెప్పు, నా కూతురికి ముద్దు పెట్టు అని. ఆయన ముప్పై ఏళ్లు మోసింది ఆ మాటనే.

ముప్పై ఏళ్లు ఎందుకు మోయాల్సి వచ్చింది? ఎచెకొలాట్స్‌కు 1986లోనే 23 ఏళ్ల శిక్ష పడింది. కానీ 1986 చివర్లో ఒక చట్టం, 1987లో మరో చట్టం వచ్చాయి. మొదటిది కొత్త కేసులకు గడువు పెట్టి తలుపులు మూసింది. రెండోది పైవాళ్ల ఆజ్ఞ పాటించిన అధికారులకు బాధ్యత లేదంది. దాంతో అతను బయటికొచ్చాడు. బాధితులు మాత్రం అదే ఊళ్లో, అవే వీధుల్లో తిరుగుతూ బతకాలి. ఈ పరిస్థితి మన పాఠకులకు వివరించి చెప్పక్కర్లేదు.

ఆ మౌనపు కాలంలో లోపెస్ ఇంట్లోవాళ్లకు కూడా పెద్దగా ఏమీ చెప్పుకోలేదు. కానీ చేతికి దొరికిన కాగితాల మీద రాసుకున్నారు. తను చూసిన గదులను, హింసను, మనుషులను బొమ్మలుగా గీసుకున్నారు. పేర్లు రాసుకున్నారు. అక్షరదోషాలతో, పనివాడి చేతిరాతతో ఉన్న ఆ కాగితాలు ఆయన అదృశ్యమయ్యాక పుస్తకంగా వచ్చాయి. శిక్షలు వేసే దారి లేనప్పుడు లా ప్లాటా ఫెడరల్ కోర్టు కనీసం నిజం నమోదు చేద్దామని 1998 నుంచి ‘సత్య విచారణలు’ మొదలుపెట్టింది. లోపెస్ 1999లో అక్కడికి వెళ్లి మొదటిసారి నోరు విప్పారు. అప్పటికి ఆయనకు దాదాపు 70 ఏళ్లు.

ఆ తర్వాత దారి తెరుచుకుంది. 2003లో పార్లమెంటు ఆ రెండు చట్టాలనూ రద్దు చేసింది. 2005 జూన్‌లో సుప్రీంకోర్టు అవి రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. 2006 జూన్ 20న ఎచెకొలాట్స్ మీద విచారణ మొదలైంది. జూన్ 28న లోపెస్ సాక్ష్యం చెప్పారు. ఎవరు చంపారు, ఎక్కడ నిలబడి ఆజ్ఞలిచ్చారు, ఏ గదిలో ఎవరు ఉన్నారు, అన్నీ చెప్పారు. సెప్టెంబరు 19న న్యాయమూర్తి కార్లోస్ రొసాన్స్కీ అధ్యక్షతన ఉన్న ధర్మాసనం యావజ్జీవ శిక్ష వేసింది. అర్జెంటీనాలో జరిగిన జాతి నిర్మూలనలో భాగంగా చేసిన మానవత్వ వ్యతిరేక నేరాలని తీర్పులో రాసింది. శిక్ష పడిన నేరాల్లో లోపెస్‌ను నిర్బంధించి హింసించడం కూడా ఒకటి. ఆ తీర్పు వినడానికి ఆయన లేరు. ముందు రోజే మాయమయ్యారు.

మొదటి రోజుల మాట

ఆయన కనిపించని మొదటి రోజుల్లో అధికారుల నోట వచ్చిన మాట ఏమిటంటే, పెద్దాయన కదా, పాత గాయాలు కెలికి మనసు చెదిరి ఉంటుంది, ఎటో నడుచుకుంటూ పోయి దారి తప్పి ఉంటారు అని. కుక్కలతో, హెలికాప్టర్లతో గాలించారు. ఫొటోతో పోస్టర్లు అంటించారు. ఆచూకీ చెబితే బహుమతి ఇస్తామన్నారు. తప్పిపోయిన వృద్ధుణ్ణి వెతికే పద్ధతంతా పాటించారు. ఎత్తుకుపోయిన సాక్షిని వెతికే పద్ధతి వేరేగా ఉంటుంది. ఎవరికి ఆయన మాట ప్రమాదమో వాళ్ల ఇళ్లు, ఫోన్లు, బండ్లు, జైల్లో వాళ్లను కలిసిన మనుషుల నుంచి అది మొదలవుతుంది. ఆ పని మొదట్లోనే జరగాలని ఆయన సహచరులు, న్యాయవాదులు మొత్తుకున్నారు. తోటి బాధితురాలు నిల్డా ఎలోయ్, నిర్బంధం నుంచి బతికి బయటపడ్డ వాళ్ల సంఘాన్ని స్థాపించిన వాళ్లలో ఒకరైన ఆద్రియానా కాల్వో, న్యాయవాది మిరియం బ్రెగ్‌మన్ లాంటి వాళ్లు ఇది అపహరణేనని మొదటి నుంచీ చెబుతూ వచ్చారు. వారం పది రోజులు గడిచాక రాష్ట్ర గవర్నరే, నియంతృత్వం ముగిశాక మాయమైన మొదటి మనిషి ఈయనే కావచ్చని ఒప్పుకోవాల్సి వచ్చింది. (నిజానికి అదే లా ప్లాటాలో 1993లో మిగెల్ బ్రూ అనే జర్నలిజం విద్యార్థిని పోలీసులే మాయం చేశారు. ప్రజాస్వామ్యంలో ‘మొదటి’ అనే మాట వాడేముందు ఆలోచించాలి.)

ఇంకో విషయం. మొదట వెతకడానికి దిగింది రాష్ట్ర పోలీసు శాఖే. అంటే ఎచెకొలాట్స్ పనిచేసిన శాఖ. నియంతృత్వ కాలం నుంచి ఉద్యోగంలో కొనసాగుతున్నవాళ్లు 2006 నాటికి కూడా ఆ శాఖలో పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఒక పోలీసు అధికారికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పిన మనిషి కనిపించకపోతే, ఆ అధికారి దగ్గర పనిచేసిన శాఖకే వెతుకులాట అప్పగించారు. పోయిన ఆ మొదటి వారాలు తిరిగి రావు.

ఇక్కడ ఒక తేడాను గుర్తుంచుకోవాలి. అప్పటి అర్జెంటీనా కేంద్ర ప్రభుత్వం ఈ విచారణలకు వ్యతిరేకం కాదు. వాటిని ముందుకు నడిపింది ఆ ప్రభుత్వమే. అధ్యక్షుడి దగ్గర నుంచి గవర్నర్ దాకా బాధితుల పక్షమని చెప్పుకున్నవాళ్లే. అయినా సాక్షి మిగల్లేదు. పైన ప్రభుత్వం మారినంత మాత్రాన కింద ఠాణా మారదని ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ మాకు దొరకలేదు. ‘మన ప్రభుత్వం’ వస్తే అట్రాసిటీ కేసులు వాటంతట అవే నడుస్తాయనుకునే మిత్రులు దీన్ని కాస్త నెమ్మదిగా చదవాలని కోరుతున్నాం.

మాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది ఆ ‘పెద్దాయన కదా’ అనే మాట. లోపెస్‌ను మొదటిసారి ఎత్తుకుపోయినప్పుడు ఆయనకు 46 ఏళ్లు, పనిచేసే వయసు. ఆయన మాట వినాల్సిన కోర్టు అప్పుడే విని ఉంటే ఆయన నడివయసు సాక్షి అయ్యేవారు. రాజ్యం చట్టాలు చేసి, కేసులు మూసి, ముప్పై ఏళ్లు కాలం గడిపింది. ఆ ఆలస్యమే ఆయన్ని వృద్ధ సాక్షిని చేసింది. తీరా ఆయన కనిపించకుండా పోతే ఆ వృద్ధాప్యాన్నే కారణంగా చూపించారు. సాక్షి కోర్టులో ఉన్నప్పుడు ‘ఇన్నేళ్లయింది, సరిగ్గా గుర్తుందా’ అంటారు. కనిపించకపోతే ‘మతిమరుపేమో’ అంటారు. రెండు చోట్లా ఆలస్యం చేసినవాడికి లాభం, ఆలస్యాన్ని భరించినవాడికి నష్టం.

ఉద్యమం కూడా ఈ విషయంలో పూర్తిగా శుభ్రంగా లేదు. అర్జెంటీనా హక్కుల ఉద్యమంలో ప్రపంచమంతా ఎరిగిన ఒక నాయకురాలే లోపెస్ మాయమైన వాళ్లలో మామూలు రకం కాదని, ఆయన ఉండేది పోలీసులు ఎక్కువగా ఉండే పేటలోనని బహిరంగంగా అనుమానం వ్యక్తం చేశారు. చదువుకున్న కార్యకర్త మాయమైతే రాని అనుమానం తాపీ మేస్త్రి మాయమైతే ఎందుకొచ్చింది? మన దగ్గర కూలి చేసుకునే సాక్షి కోర్టులో మాట మార్చినప్పుడు, ‘డబ్బులకు అమ్ముడుపోయాడు’ అని ముందుగా అనేది ఎదుటిపక్షం కాదు, చాలాసార్లు మనమే. అతను ఎవరి పొలంలో పనిచేస్తాడో, అప్పు ఎవరి దగ్గరుందో, రేషన్ షాపు ఎవరి చేతిలో ఉందో అడగడం తర్వాతి మాట అవుతుంది.

అలీసమ్మ, చుండూరు

కారంచేడులో 1985 జులై 17న ఆరుగురు దళితులను చంపారు. ఊరు ఊరంతా చీరాలకు తరలివచ్చి శిబిరం పెట్టుకుంది. తెలుగునేల మీద దళిత ఉద్యమ చరిత్రను ఆ శిబిరం నుంచే లెక్కపెడతాం. ఆ కేసులో ప్రత్యక్ష సాక్షి దుడ్డు అలీసమ్మను 1988లో చంపేశారు. కేసు కోర్టుల మెట్లెక్కి దిగి, సుప్రీంకోర్టులో 2008 డిసెంబరులో గానీ ముగియలేదు. ఘటనకూ తుది తీర్పుకూ మధ్య 23 ఏళ్లు. ఆ 23 ఏళ్లలో సాక్షులను ఎవరు కాపాడారు? శిబిరం, సంఘం, చుట్టాలు. చట్టంలో ఆ బాధ్యత అప్పటికి ఎవరికీ లేదు.

చుండూరు సంగతి ఇంకోలా ఉంటుంది. 1991 ఆగస్టు 6న చంపిన దళితుల శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువల్లో, తుంగభద్ర డ్రెయిన్‌లో పడేశారు. ఆ తర్వాతి రోజుల్లో శవాలు ఒక్కొక్కటిగా బయటపడే దాకా ఆ ఇళ్లవాళ్ల దృష్టిలో తమ మనుషులు ‘కనిపించనివాళ్లే’. శవాన్ని దాచడం అంటే సాక్ష్యాన్ని దాచడమేనని హంతకులకు బాగా తెలుసు. పోరాడి ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007 జులై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. చనిపోయిన సమయం, చోటు, ఎవరు ఎవరిని కొట్టారన్నది ప్రాసిక్యూషన్ ఖచ్చితంగా రుజువు చేయలేకపోయిందన్నది అందులో ప్రధాన కారణం. పొలాల మీదుగా ప్రాణభయంతో పరుగెత్తిన మనిషి చేతి గడియారం చూసుకోలేదని ఆ మనిషి సాక్ష్యం బలహీనమైపోయింది.

ఇక్కడే లా ప్లాటా కోర్టు తీర్పు విద్యార్థులు చదవదగ్గది. లోపెస్ చెప్పింది ముప్పై ఏళ్ల నాటి సంగతి. నిర్బంధంలో చాలాసార్లు కళ్లకు గంతలు ఉండేవి. తేదీలన్నీ గుర్తుండే అవకాశం లేదు. ఆ కోర్టు ఒక్కో సాక్షి మాటను విడివిడిగా గీటురాయి మీద రుద్దలేదు. అనేకమంది చెప్పింది ఒకదానితో ఒకటి ఎలా కలుస్తోందో, ఆ నేరం ఎలాంటి ఏర్పాటులో భాగంగా జరిగిందో చూసింది. మూకుమ్మడి నేరాన్ని దొంగతనం కేసులా కొలవకూడదన్న అవగాహన అది. మన కోర్టుల్లో ఈ వాదన ఇంకా గట్టిగా పెట్టాల్సి ఉంది.

కాగితం మీద ఏముంది

మన దగ్గర ఒక పెద్దవయసు సాక్షి ఇవాళ కనిపించకుండా పోతే చట్టం ఏం చేస్తుంది? ఠాణాకు వెళితే ‘మ్యాన్ మిస్సింగ్’ కింద కేసు కడతారు. తప్పిపోయినది పిల్లలైతే అపహరణగానో, అక్రమ రవాణాగానో భావించి ఎఫ్ఐఆర్ వేయాలని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. పెద్దవాళ్లకు అలాంటి భావన ఏదీ లేదు. వాళ్లు తమంతట తాము వెళ్లిపోయారన్నదే మొదటి ఊహ. ఏడేళ్ల పాటు ఎవరికీ కబురు లేకపోతే చనిపోయినట్టు భావించవచ్చని సాక్ష్య చట్టం చెబుతుంది. కొత్త సాక్ష్య అధినియమంలో అది 111వ సెక్షన్. ఆస్తి పంపకానికి అది పనికొస్తుంది. ఎవరు మాయం చేశారన్న ప్రశ్నకు కాదు.

బలవంతపు అదృశ్యాల నుంచి రక్షణ కోసం ఐక్యరాజ్యసమితి చేసిన ఒడంబడిక మీద భారతదేశం 2007 ఫిబ్రవరిలో సంతకం చేసింది. ఇప్పటి దాకా ధ్రువీకరించలేదు. ఆ ఒడంబడిక ప్రకారం మనిషి జాడ తేలే వరకూ ఆ నేరం కొనసాగుతున్నట్టే లెక్క, నిజం తెలుసుకోవడం కుటుంబం హక్కు. కొత్త న్యాయసంహితలో కూడా బలవంతపు అదృశ్యం అనే నేరమే లేదు. ఎన్‌కౌంటర్ల చరిత్ర ఉన్న తెలుగు రాష్ట్రాల వాళ్లకు ఈ ఖాళీ ఎందుకుందో అర్థం కావడానికి పరిశోధన అవసరం లేదు.

సాక్షుల రక్షణ పథకం అనేది 2018లో వచ్చింది. ఆసారాం కేసులో సాక్షుల మీద వరుసగా దాడులు జరిగాయి, కొందరిని చంపారు, ఒక సాక్షి 2015 నవంబరులో కనిపించకుండా పోయాడు. కాల్పుల్లో గాయపడి బతికిన మహేందర్ చావ్లా తదితరులు వేసిన పిటిషన్ మీద 2018 డిసెంబరు 5న సుప్రీంకోర్టు కేంద్రం తయారుచేసిన పథకాన్ని ఆమోదించి, చట్టం వచ్చే దాకా అదే చట్టమంది. ఇప్పుడు నాగరిక సురక్షా సంహిత 398వ సెక్షన్ ప్రతి రాష్ట్రమూ పథకం చేసి నోటిఫై చేయాలంటోంది.

పథకాన్ని వరుసగా చదివితే రెండు చోట్ల ఆగాల్సి వస్తుంది. మొదటిది, అది వర్తించేది మరణశిక్ష, యావజ్జీవం, లేదా ఏడేళ్లు, ఆపైన శిక్ష పడగల నేరాలకు, స్త్రీల మీద లైంగిక వేధింపులకు సంబంధించిన కొన్ని సెక్షన్లకు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో 3(1) కింద ఉన్న నేరాలకు శిక్ష ఆరు నెలల నుంచి ఐదేళ్లు. కులం పేరుతో అవమానించడం, భూమి లాక్కోవడం, సాంఘిక బహిష్కరణ, ఓటు వేయనివ్వకపోవడం అన్నీ అందులోవే. అంటే ఊళ్లో రోజూ జరిగే అట్రాసిటీకి సాక్షి అయినవాళ్లకు ఈ సాధారణ పథకం తలుపు మూసే ఉంది. భూమి తగాదాలో, బహిష్కరణలో సాక్షికి ప్రమాదం తక్కువని ఎవరు లెక్కగట్టారో మాకు అర్థం కాదు.

రెండోది, దరఖాస్తు పెట్టుకుంటే ప్రమాదం ఎంతుందో అంచనా వేసి నివేదిక ఇచ్చేది ఆ సబ్ డివిజన్ పోలీసు అధికారి, మన దగ్గర డీఎస్పీ లేదా ఏసీపీ. అట్రాసిటీ కేసును దర్యాప్తు చేసేదీ నిబంధనల ప్రకారం డీఎస్పీ స్థాయి అధికారే. ఎఫ్ఐఆర్ కట్టడానికి ధర్నా చేయాల్సి వచ్చిన ఆఫీసుకే, ‘నాకు ప్రాణభయం ఉందో లేదో మీరే చెప్పండి’ అని వెళ్లాలి. లా ప్లాటాలో వెతుకులాట ఎవరి చేతికిచ్చారో గుర్తుకు తెచ్చుకోండి. పైగా ఒక్కసారి ఇచ్చే రక్షణ మూడు నెలలకు మించదు. మన కేసులు మూడు నెలల లెక్కన నడవవు.

అందుకే 15ఎ సెక్షన్ విలువ ఎక్కువ. 2015 సవరణతో వచ్చి 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉన్న ఈ సెక్షన్ శిక్ష ఎన్నేళ్లన్నది చూడదు. ఈ చట్టం కింద కేసు అయితే చాలు, బాధితులను, వాళ్ల మీద ఆధారపడ్డవాళ్లను, సాక్షులను బెదిరింపుల నుంచి, ప్రలోభాల నుంచి, హింస నుంచి కాపాడటం రాజ్యం బాధ్యత అంటుంది. ప్రయాణ ఖర్చులు, పోషణ ఖర్చులు, పునరావాసం, అవసరమైతే వేరే చోటికి తరలింపు ప్రత్యేక కోర్టు ఏర్పాటు చేయాలి. సాక్షి పేరు, చిరునామా దాచే ఆదేశాలివ్వొచ్చు. రక్షణ ఎలా సాగుతోందో కోర్టు ఎప్పటికప్పుడు సమీక్షించాలి. సంఘాల సాయం తీసుకోవడం బాధితుల హక్కు అని కూడా అందులోనే ఉంది. బెయిలు విచారణకు బాధితులకు నోటీసు ఇవ్వడం లాంఛనం కాదు, తప్పనిసరి అని హరిరామ్ భాంభీ కేసులో సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో తేల్చింది.

నిందితుడి కదలిక సాక్షికి ముందుగా తెలియడం ఎంత ముఖ్యమో అర్జెంటీనా కూడా చూసింది. 2017 డిసెంబరులో ఎచెకొలాట్స్‌కు వయసు రీత్యా గృహ నిర్బంధానికి అనుమతిచ్చి మార్ దెల్ ప్లాటాలోని ఇంటికి పంపారు. చుట్టుపక్కల జనం వీధిలోకి వచ్చి నిరసన తెలిపారు, 2018లో తిరిగి జైలుకు పంపాల్సి వచ్చింది. వృద్ధాప్యం లోపెస్ విషయంలో ఆయన మీద అనుమానమైంది, ఎచెకొలాట్స్ విషయంలో దయకు కారణమైంది.

లోపెస్ ఏమయ్యారో అతనికి తెలుసా? 2014 అక్టోబరులో మరో రహస్య నిర్బంధ కేంద్రం కేసులో తీర్పు చదువుతున్నప్పుడు కోర్టు హాల్లో అతని చేతిలో ఒక చిన్న చీటీ ఉంది. ఫొటోగ్రాఫర్ల కెమెరాకు అది చిక్కింది. దాని మీద లోపెస్ పేరు, ఎత్తుకుపోవడం అనే అర్థమున్న స్పానిష్ మాట ఉన్నాయి. భయపెట్టడానికి రాశాడా, ఎగతాళికి రాశాడా, అతను చెప్పలేదు. 2022 జులై 2న 93 ఏళ్ల వయసులో శిక్ష అనుభవిస్తూనే చనిపోయాడు.

లోపెస్ తర్వాత ఆగిందా విచారణ? లేదు. న్యాయమూర్తులకు, సాక్షులకు బెదిరింపులు వచ్చాయి. అయినా సాక్షులు వరుసలో నిలబడ్డారు. ఒక్క మనిషి మీద మొత్తం కేసు బరువు పడకుండా, ఒంటరిగా ఎవరూ కోర్టుకు వెళ్లకుండా, ముందు రోజు రాత్రి నుంచీ తోడు ఉండేలా సంఘాలు ఏర్పాటు చేసుకున్నాయి. అప్పటి దాకా అక్కడి సాక్షి రక్షణ పథకం మాదకద్రవ్యాలు, డబ్బు కోసం కిడ్నాప్‌ల లాంటి కేసులను దృష్టిలో పెట్టుకుని చేసింది. ఇల్లు వదిలి, పేరు మార్చుకుని, దాక్కుని బతకమనే పద్ధతి అది. హింసను భరించి వచ్చిన మనిషిని మళ్లీ దాక్కోమనడం ఏం న్యాయమని బాధితులు అడిగారు. మన ఊరి కూలి మనిషికీ అదే ప్రశ్న వర్తిస్తుంది. గేదెను, కౌలు పొలాన్ని, చదువుకునే పిల్లలను వదిలి ఎక్కడికి తరలిపోతాడు? రక్షణ అంటే అతను ఊళ్లోనే భయం లేకుండా ఉండగలగడం.

ఏటా సెప్టెంబరు 18న లా ప్లాటా వీధుల్లో ఊరేగింపు జరుగుతుంది. నిల్డా ఎలోయ్ 2017లో చనిపోయే దాకా అందులో ముందు నడిచారు. టోపీ పెట్టుకున్న లోపెస్ ముఖం గోడల మీద ఉంటుంది.

ఇక మన జిల్లాల్లో అట్రాసిటీ కేసులు చూస్తున్న మిత్రులకు. సాక్షి ఎవరైనా, ముఖ్యంగా వయసు పైబడ్డవాళ్లు, ఒక పూట కనిపించకపోతే ఫిర్యాదు మొదటి వాక్యంలోనే ఆ మనిషి ఫలానా కేసులో సాక్షి అని, కేసు నంబరుతో, నిందితుల పేర్లతో రాయండి. అనుమానం ఉంటే అపహరణ కింద, న్యాయసంహిత 140వ సెక్షన్‌తో ఎఫ్ఐఆర్ అడగండి. ‘మిస్సింగ్’ అని రాసుకుని పంపిస్తే సంతకం పెట్టకండి. ఎందుకంటే తర్వాత హెబియస్ కార్పస్ వేసినా, ఇది కేవలం తప్పిపోయిన కేసు, అక్రమ నిర్బంధానికి ఆధారం లేదని హైకోర్టులు పక్కన పెట్టిన సందర్భాలున్నాయి. అదే రోజు 15ఎ కింద ప్రత్యేక కోర్టులో పిటిషన్ వేసి, వెతుకులాట ఆ సబ్ డివిజన్ చేతిలో కాకుండా వేరే అధికారికి అప్పగించమని కోరండి. ఎఫ్ఐఆర్ కట్టకపోతే 4వ సెక్షన్ కింద ఆ అధికారి మీదే ఫిర్యాదు చేయొచ్చు.

ఇదంతా మనిషి పోయాక చేసే పని. అంతకుముందు చేయాల్సింది ఇంకొకటి ఉంది. మీ ఊళ్లో పాత కేసు ఏదైనా ఇంకా నడుస్తుంటే, అందులో అరవై దాటిన సాక్షులు ఎంతమందో లెక్క తీయండి. వాళ్లు చెప్పేది ఇప్పుడే, వాళ్ల మాటల్లోనే, వీడియోలో, కాగితం మీద నమోదు చేయండి. కోర్టులో అది సాక్ష్యంగా నిలుస్తుందా లేదా అన్నది న్యాయవాదులు చూసుకుంటారు. లోపెస్ ఎవరూ అడగకుండానే రాసుకున్నారు. మన అవ్వల్లో, తాతల్లో చాలామందికి రాయడం రాదు. కాబట్టి సెలవుల్లో ఊరికి వెళ్లే విద్యార్థులు ఫోను తీసుకుని వాళ్ల పక్కన కూర్చోవాలి.